గేమ్ అనౌన్స్‌మెంట్లకి లైవ్ స్టేజీ షోలే బాగుండేవా, ఇప్పటి రికార్డెడ్ వీడియోలే నయమా?

అర్ధరాత్రి గేమర్:

ఈ మధ్య ఏ కంపెనీ చూసినా ఒకటే పద్ధతి. నింటెండోది డైరెక్ట్, సోనీది స్టేట్ ఆఫ్ ప్లే, మైక్రోసాఫ్ట్‌ది ఎక్స్‌బాక్స్ షోకేస్, పేర్లే వేరు. ముందే షూట్ చేసి, ఎడిట్ చేసి, మ్యూజిక్ కలిపి, ఫలానా రోజు ఫలానా టైముకి యూట్యూబ్‌లో వదిలేస్తారు. ఒకదాని వెనక ఒకటి ట్రైలర్లు పోతూనే ఉంటాయి, చూస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది, మర్నాడు ఎవరైనా అడిగితే సగం గేముల పేర్లు గుర్తుకు రావు. గేమ్ కంపెనీలన్నీ కలిసే పెద్ద షో ఈ3ని అయితే ఏకంగా మూసేశారు. 1995లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన షో, 2020లో కోవిడ్ వల్ల ఆగింది, 2021లో ఆన్‌లైన్‌లో నడిపారు, తర్వాతి రెండేళ్లూ క్యాన్సిల్, చివరికి 2023 డిసెంబర్‌లో ఇక ఎప్పటికీ ఉండదని తేల్చి చెప్పారు.

నేను అడిగేది ఏంటంటే, జనం ముందు స్టేజీ మీద నిలబడి చెప్పడం వల్ల మనలాంటి ప్లేయర్లకి నిజంగా ఏమైనా ఒరిగిందా, లేక ఆ హడావిడి అంటే మనకి ఇష్టం కాబట్టే అలా అనిపిస్తోందా? నా మటుకు నాకు ఒరిగిందనే అనిపిస్తుంది. 2013 జూన్ చూడండి. కొత్త కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్ 499 డాలర్లని మైక్రోసాఫ్ట్ చెప్పింది. రోజుకి ఒకసారి ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవ్వాల్సిందే, పాత డిస్కులు అమ్ముకోవాలన్నా కొనుక్కోవాలన్నా షరతులు. అదే రోజు సాయంత్రం (మనకి మర్నాడు పొద్దున ఆరున్నర) సోనీ షోలో జాక్ ట్రెటన్ స్టేజీ మీదకొచ్చి, తమ కొత్త కన్సోల్ పీఎస్4లో సెకండ్‌హ్యాండ్ గేములకి ఏ అడ్డూ లేదు, నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు అని ఒక్కో వాక్యం చెప్తుంటే హాలంతా లేచి అరిచింది, ఆయన తర్వాతి మాట చెప్పలేక ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత ధర 399 అన్నారు. తొమ్మిది రోజులు తిరక్కుండా, జూన్ 19న, మైక్రోసాఫ్ట్ ఆ రెండు రూల్సునీ వెనక్కి తీసుకుంది.

ఆ అరుపులు లేకపోతే అంత తొందరగా దిగొచ్చేవాళ్లా? రికార్డ్ చేసిన వీడియోలో చప్పట్లకి చోటు లేదు, ఛీకొట్టడానికీ చోటు లేదు. మీరేమంటారు?

పాత డిస్కు:

నేను పూర్తిగా స్టేజీ వైపే. కారణం హడావిడి కాదు, స్టేజీ మీద అబద్ధం చెప్పడం కష్టం, నిజం దాచడం ఇంకా కష్టం.

2015 ఈ3లో సోనీ అన్‌చార్టెడ్ 4 చూపించింది గుర్తుందా? డెమో మొదలైంది, నేథన్ డ్రేక్ బజార్లో నిలబడ్డాడు, అంతే, కదల్లేదు. కంట్రోలర్ పని చేయలేదు. హాల్లో అందరూ చూస్తున్నారు, ప్రపంచమంతా చూస్తోంది, చివరికి డెమో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఆ రోజు చాలామంది పరువు పోయిందన్నారు, నాకు మాత్రం అక్కడే నమ్మకం కుదిరింది, ఎందుకంటే అది వీడియో అయ్యుంటే డ్రేక్ ఆగేవాడే కాదు. తెర వెనక ఒక మనిషి కంట్రోలర్ పట్టుకుని నిజంగా ఆడుతున్నాడని ఆ తప్పు వల్లే తెలిసింది.

అదే ఏడాది ఈఏ షోలో ఒక స్వీడన్ డిజైనర్, మార్టిన్ సాలిన్, దారంతో చేసిన చిన్న బొమ్మని చేతిలో పట్టుకుని అన్‌రావెల్ గురించి చెప్పాడు. చేతులు వణుకుతున్నాయి, గొంతు తడబడుతోంది. ఎడిటింగ్ టేబుల్ మీద అయితే ఆ వణుకుని ముందే కోసేసేవాళ్లు. నాకు ఆ గేమ్ కొనాలనిపించింది ఆ వణుకు చూశాకే, ఇతను దీని మీద ఎంత ప్రాణం పెట్టాడో అర్థమైంది. 2017లో యూబీసాఫ్ట్ షోలో మారియో ప్లస్ రాబిడ్స్ ప్రకటించినప్పుడు స్టేజీ మీద మారియోని సృష్టించిన మియామోటో ఆ గేమ్ డైరెక్టర్ పేరెత్తగానే, ఆ డైరెక్టర్ దావిదే సొలియానీ ప్రేక్షకుల్లో కూర్చుని కళ్లు తుడుచుకోవడం కూడా అలాంటిదే. 2016లో గేమ్ డిజైనర్ కొజిమా తన పాత కంపెనీ కొనామీ నుంచి బయటపడ్డాక సోనీ స్టేజీ మీదకి నడిచొచ్చి నేను తిరిగొచ్చాను అన్నప్పుడు ఆ హాలు ఊగిపోయింది. ఇలాంటివి ఎవరూ స్క్రిప్టు రాసి పుట్టించలేరు.

ఇక మీరన్న ఛీకొట్టడం సంగతి. 2018 నవంబర్‌లో బ్లిజ్‌కాన్, అంటే డయాబ్లో గేములు చేసే బ్లిజర్డ్ కంపెనీ ఫ్యాన్స్ కోసం పెట్టే షో. టికెట్లు కొనుక్కుని అనహైమ్ దాకా వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఏళ్ల తరబడి పీసీలో డయాబ్లో ఆడినవాళ్లు. వాళ్ల ముందు పెట్టింది ఫోన్‌లో ఆడే డయాబ్లో ఇమ్మోర్టల్. ప్రశ్నల టైములో ఒకతను లేచి ఇది ఏప్రిల్ ఫూల్ జోకా అని మొహం మీదే అడిగాడు. పీసీలో తెచ్చే ఆలోచన లేదనేసరికి హాల్లో గోల. మీ దగ్గర ఫోన్లు లేవా అని స్టేజీ మీద నుంచి వచ్చిన మాట ఇప్పటికీ జనం నోళ్లలో నానుతోంది. 2022 జూన్‌లో గేమ్ వచ్చేటప్పటికి పీసీలోనూ వచ్చింది. ఆ గోల వల్లే వచ్చిందని నేను రుజువు చేయలేను గానీ, కంపెనీ మనుషులు తమ మాటకి జవాబు అక్కడికక్కడే, మొహాలు చూస్తూ వినాల్సి వచ్చింది. రికార్డెడ్ వీడియో కింద కామెంట్లు ఎంత తిట్టినా ఎవరు చదువుతారు? నచ్చకపోతే కామెంట్లే ఆపేస్తారు.

హైపాలీ:

నేను హైదరాబాద్‌లో ఒక ఆర్ట్ స్టూడియోలో ప్రాప్స్, ఎన్విరాన్‌మెంట్ మోడలింగ్ (గేములో కనిపించే సామాను, పరిసరాలు) చేస్తాను, బయటి దేశాల గేములకి పనిచేస్తాం. అటువైపు నుంచి చూస్తే ఇది ఎలా ఉంటుందో చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

స్టేజీ మీద చూపించే పది నిమిషాల డెమో అనేది గేములో ఒక ముక్క కాదు. చాలాసార్లు అది గేమ్ పక్కన కట్టిన వేరే గేమ్. అసలు ప్రాజెక్టు నుంచి ఒక బిల్డ్‌ని (అప్పటికి తయారైన గేమ్ వెర్షన్‌ని) వేరు చేసి, ప్లేయర్ నడిచే దారి ఒక్కదాన్నే పూర్తి నాణ్యతతో తయారుచేస్తారు. కెమెరా తిరగని వైపు గోడలు కూడా ఉండకపోవచ్చు. శత్రువులు వాళ్లంతట వాళ్లు ఆలోచించరు, ఎవడు ఎప్పుడు బయటికి రావాలో ముందే రాసిపెడతారు. ఆడేవాడు చచ్చిపోకుండా చూస్తారు, ఆగిపోతే మారడానికి పక్కన ఇంకో మెషిన్ రెడీగా పెడతారు, ఆడేవాడు ఏ సెకనుకి ఎటు తిరగాలో రిహార్సల్ చేస్తాడు. ఆ బిల్డ్‌లో సరిచేసిన బగ్గులు, పెట్టిన లైటింగ్ చాలామటుకు అసలు గేములోకి తిరిగి వెళ్లవు. అంటే టీమంతా కొన్ని నెలల పని ఒక్క సాయంత్రం కోసం చేసినట్టు.

మా దాకా వచ్చేసరికి ఏమవుతుందంటే, అక్కడ డెమో తేదీని వెనక్కి జరపరు కాబట్టి ఇక్కడ రాత్రులు కూర్చోవాలి. ఒక ప్రాజెక్టులో (పేరు చెప్పను, చెప్పకూడదు కూడా) డెమోలో ప్లేయర్ తలుపు తెరిచి లోపలికి వెళ్లే ఒక గది ఉండేది. ఆ గదిలో సామానంతా మా టీమ్ చేసింది, తలుపు మీద పగుళ్ల దగ్గర్నుంచి. ఫీడ్‌బ్యాక్ వాళ్ల పొద్దుటి టైముకి వస్తుంది, అంటే మాకు రాత్రి. ప్రతి రోజూ ఇంకొంచెం, ఇంకొంచెం. షో అయింది, చప్పట్లు మోగాయి. గేమ్ రిలీజయ్యేసరికి ఆ గదే లేదు, ఆ లెవెల్ మొత్తం మార్చేశారు. మార్చడం తప్పు కాదు, గేములు అలాగే తయారవుతాయి. కానీ స్టేజీ తేదీ లేకపోతే ఆ గది అంత తొందరగా, అంత నాణ్యంగా చేయాల్సిన అవసరమే ఉండేది కాదు.

స్టేజీ మీద అబద్ధం చెప్పలేరు అన్న మాటని మాత్రం నేను ఒప్పుకోను. 2005లో కిల్‌జోన్ 2 చూపించింది స్టేజీ షోలోనే, అది మొత్తం ముందే రెండర్ చేసిన సినిమా, గేమ్ వచ్చింది 2009లో. 2012లో వాచ్ డాగ్స్ చూసి ఎగిరి గంతేసినవాళ్లు 2014లో గేమ్ చేతికొచ్చాక ఎందుకంత కోపపడ్డారు? 2017లో ఎక్స్‌బాక్స్ స్టేజీ మీద చూపించిన యాంథెమ్ గురించి 2019లో గేమ్ వార్తల సైట్ కొటాకు రాసిన కథనం చదివితే మనసు పాడవుతుంది. ఆ డెమో చూశాకే, మేం చేస్తున్న గేమ్ ఇదన్నమాట అని టీమ్‌లోనే కొంతమందికి తెలిసిందట. వేల మంది చప్పట్లు కొట్టినంత మాత్రాన అది నిజం అయిపోదు కదా.

బ్లిజ్‌కాన్ సంగతి. ఫోన్‌లోనే తేవాలన్నది స్టేజీ మీద నిలబడ్డ ఒక్క డిజైనర్ తీసుకునే నిర్ణయం కాదు. తిట్లన్నీ మాత్రం ఆయనకే తగిలాయి, ఇన్నేళ్లయినా ఆ ఒక్క మాటతోనే ఆయన్ని గుర్తుపెట్టుకున్నారు. మనం జవాబుదారీతనం అంటున్నది చాలాసార్లు ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి.

బెజవాడ జాయ్‌కాన్:

నింటెండో డైరెక్ట్ ఎందుకు పుట్టిందో తెలిస్తే ఈ చర్చ ఇంకోలా ఉంటుంది.

2010 ఈ3లో మియామోటో స్కైవర్డ్ స్వోర్డ్ ఆడి చూపిస్తుంటే హాల్లో ఉన్న వైర్‌లెస్ పరికరాల గందరగోళం వల్ల కంట్రోలర్ సరిగ్గా పట్టుకోలేదు, కత్తి ఒకవైపు ఊపితే తెర మీద ఇంకోవైపు. కంట్రోల్స్ ఎంత కచ్చితంగా ఉంటాయో చూపించాల్సిన డెమో అది. 2011లో కొత్త కన్సోల్ వీ యూ ప్రకటన అంతకంటే ఘోరం. కొత్త కంట్రోలర్ని పైకెత్తి చూపించారు, కన్సోల్ పెట్టెని పెద్దగా చూపించలేదు, దాంతో ఇది కొత్త మెషినా లేక మన దగ్గరున్న పాత కన్సోల్ వీకి తగిలించే కంట్రోలరా అని చూసినవాళ్లకే అర్థం కాలేదు. హాల్లో కూర్చున్న విలేఖర్లు తమకి అర్థమైనట్టు రాశారు, దుకాణాలవాళ్లు అది చదివి తమకి అర్థమైనట్టు చెప్పారు. ఆ కన్సోల్ జీవితకాలంలో అమ్ముడైంది 1.35 కోట్లే. దానికి చాలా కారణాలున్నాయి గానీ ఆ అయోమయం కూడా ఒకటి.

ఆ ఏడాదే అక్టోబర్ 21న మొదటి డైరెక్ట్ వచ్చింది. సతోరు ఇవాటా కెమెరా ముందు నిలబడి, రెండు చేతులూ ముందుకి చాపి, నేరుగా మీకే చెప్తున్నాను అన్నట్టు మాట్లాడేవాడు. ఆయన కంపెనీ అధ్యక్షుడే కాదు, చిన్నప్పట్నుంచీ ప్రోగ్రామర్. ఫలానా ఫీచర్ ఎందుకు పెట్టామో, ఎందుకు ఆలస్యమైందో వివరంగా చెప్పేవాడు, ఆ వివరణ చప్పట్ల మధ్య అయ్యే పని కాదు. 2013 నుంచి ఈ3లో పెద్ద స్టేజీ షో మానేసి డైరెక్టే పెట్టారు. 2015 జులైలో ఆయన పోయారు, 55 ఏళ్లే. ఆ రోజు నుంచి డైరెక్టుల్లో ఆ మనిషి లోటు నాకు కనిపిస్తూనే ఉంటుంది. అర్ధరాత్రి గేమర్ అన్నా, నువ్వు చెప్పే ఆ వెలితి స్టేజీ పోయినందుకు కాదేమో, కెమెరా ముందు నిలబడి మనతో మాట్లాడే మనిషి పోయి, ట్రైలర్లు మాత్రమే మిగిలినందుకేమో చూడు.

2019 జనవరి సంగతి చూడండి. మెట్రాయిడ్ ప్రైమ్ 4ని 2017లో ఒట్టి లోగోతో ప్రకటించారు. 2019లో నింటెండో అధికారి షిన్యా తకహాషి ఒక చిన్న వీడియోలో కనిపించి, పని మేం అనుకున్న స్థాయిలో లేదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతున్నాం, క్షమించండి అని చెప్పాడు. మ్యూజిక్ లేదు, హంగులు లేవు. ఒక నల్ల కోటు మనిషి, ఒక చేదు వార్త. స్టేజీ మీద అయితే అలాంటి వార్త ఎవడైనా చెప్తాడా? స్టేజీకి ఎప్పుడూ పండగ వాతావరణమే కావాలి. ఆ గేమ్ చివరికి 2025 డిసెంబర్‌లో వచ్చింది.

ఇంకోటి, మనకి సంబంధించింది. ఆ హాల్లో కూర్చునేది ఎవరు? ఈ3ని మామూలు జనానికి టికెట్ పెట్టి తెరిచిందే 2017లో, అదీ 15,000 మందికి. అంతకుముందంతా విలేఖర్లు, దుకాణదారులు, కంపెనీలవాళ్లు. అమెరికా వీసా, విమానం టికెట్ పెట్టుకుని మనం వెళ్లే ప్రశ్నే లేదు. నింటెండో ఇప్పటికీ మన దేశంలో అధికారికంగా తన కన్సోల్ స్విచ్ అమ్మదు, ఇంపోర్ట్ పీసులు వెతుక్కుని కొంటున్నాం, అయినా డైరెక్ట్ వచ్చినప్పుడు టోక్యోలో ఉన్నవాడు, విజయవాడలో ఉన్న నేను ఒకే సెకనులో ఒకే వార్త వింటున్నాం. చాలాసార్లు అది మనకి సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో వస్తుంది, అన్నం తినే టైములో తమ్ముడితో కలిసి చూస్తాను. వాడికి చెవులు సరిగ్గా వినపడవు, సబ్‌టైటిల్స్ ఉంటేనే చూడగలడు. రికార్డ్ చేసిన వీడియోలో మాటకి మాట సరిపోయేలా పడతాయి. లైవ్ షోలో అప్పటికప్పుడు వేసేవి వెనకబడతాయి, పేర్లన్నీ తప్పులు. నాకు ఈ ఒక్క కారణం చాలు.

అర్ధరాత్రి గేమర్:

జాయ్‌కాన్ బ్రో, తమ్ముడి విషయంలో నేను నీతో వాదించను, అది మామూలు లాభం కాదు. హైపాలీ గారూ, ఆ గది సంగతి చదివి చాలా బాధేసింది.

కానీ నింటెండోనే ఉదాహరణగా తీసుకుంటే నా అనుమానం ఇంకా బలపడుతోంది. 2025 ఏప్రిల్ 2న, మనకి సాయంత్రం ఆరున్నరకి, స్విచ్ 2 డైరెక్ట్ వచ్చింది. దాదాపు గంట. స్క్రీన్ సైజు చెప్పారు, చాట్ బటన్ చెప్పారు, కొత్త మారియో కార్ట్ చూపించారు, రిలీజ్ డేట్ చెప్పారు. ధర చెప్పలేదు! జనం మొదట వెతికేదే అది. వీడియో అయ్యాక వెబ్‌సైట్లో చూసుకుంటే 449.99 డాలర్లు, మారియో కార్ట్ వరల్డ్ ఒక్కటే 79.99. 2013లో సోనీ తరఫున ఆండ్రూ హౌస్ 399 అని జనం మొహం మీద చెప్పి నిలబడ్డాడు. అంతెందుకు, 1995లో మొట్టమొదటి ఈ3లో సెగా వాళ్లు తమ కన్సోల్ శాటర్న్ 399 డాలర్లని చెప్పాక, సోనీ ప్లేస్టేషన్ తరఫున స్టీవ్ రేస్ స్టేజీ ఎక్కి 299 అన్న ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు, ఆ ఒక్క అంకెతో ఆ తరం పోటీ మలుపు తిరిగింది. ధర బాగుంటే స్టేజీ కావాలి, బాగోకపోతే వెబ్‌సైట్ మూల కావాలి, ఇదేనా?

మర్నాడు నింటెండో వాళ్లే కూర్చుని గేములు ఆడి చూపించే ట్రీహౌస్ లైవ్ స్ట్రీమ్ పెడితే చాట్ నిండా ధర తగ్గించండి అన్న మాటే. వేల మంది అదే టైప్ చేస్తున్నారు. తెర మీద ఉన్నవాళ్లు నవ్వుతూ గేమ్ ఆడుతూనే ఉన్నారు, దాని గురించి ఒక్క మాట లేదు. హాల్లో వేల మంది ఒక్కసారి అరిస్తే అలా ఆడుతూ ఉండగలిగేవాళ్లా?

కరీంనగర్ కన్సోల్:

ఇద్దరూ స్టేజీని కంపెనీ వర్సెస్ జనం అన్నట్టు చూస్తున్నారు, కానీ హాల్లో అరిచేవాళ్లందరూ మన తరఫున అరుస్తున్నారా? మన సినిమా ప్రీ రిలీజ్ ఈవెంట్లు చూడండి, ఆ ఈలలు విని సినిమా బాగుంటుందని ఎవరైనా లెక్కేస్తారా? 2019 జూన్‌లో, మనకి రాత్రి ఒకటిన్నర దాటాక, ఎక్స్‌బాక్స్ షోలో సైబర్‌పంక్ 2077 గేమ్ కోసం హాలీవుడ్ నటుడు కియాను రీవ్స్ పొగలోంచి నడిచొచ్చాడు. ప్రేక్షకుల్లోంచి ఒకతను మీరు అద్భుతం అని కేకేశాడు, ఆయన వేలు చూపించి మీరే అద్భుతం అన్నాడు, హాలు దద్దరిల్లింది. నేనూ ఇంట్లో లేచి నిలబడ్డాను. అంత గొప్ప క్షణం నేను ఏ షోలోనూ చూడలేదు, ఇప్పటికీ చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ క్షణం సైబర్‌పంక్ 2077 గురించి మనకి ఏం చెప్పింది? తేదీ 2020 ఏప్రిల్ 16 అన్నారు, వచ్చింది డిసెంబర్ 10న, పాత కన్సోల్స్ మీద ఆడలేని స్థితిలో. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్లోంచే తీసేసింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. ఆ రాత్రి స్టేజీ మీద గేమ్ ఎవరైనా ఆడి చూపించారా? లేదు. ట్రైలర్, స్టార్, తేదీ, అంతే.

డబ్బు సంగతి కూడా చూడాలి, దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ఈ3 పోయాక జూన్ నెలలో పెద్ద లైవ్ షో అంటే జెఫ్ కీలీ నడిపే సమ్మర్ గేమ్ ఫెస్టే. అందులో ఒక్క నిమిషం ట్రైలర్ వేయించుకోవాలంటే 2,50,000 డాలర్లు, రెండున్నర నిమిషాలకి 5,50,000 అని 2024లో ఎస్క్వైర్ పత్రిక బయటపెట్టింది. కొన్ని గేములకి ఉచితంగా చోటిస్తారు, నిజమే. కానీ ఆ రేటు చూశాక స్టేజీ మీద ఎవరి గొంతు వినపడుతుందో వేరే చెప్పక్కర్లేదు. చిన్న స్టూడియో మొత్తం గేమ్ బడ్జెట్ అంత ఉండదు. స్టేజీ ఉన్నంత మాత్రాన మనుషులకి టైమిస్తారనీ లేదు. 2023 గేమ్ అవార్డ్స్‌లో, ఆ ఏడాది పెద్ద బహుమతి గెలిచిన బల్డూర్స్ గేట్ 3 టీమ్ మాట్లాడుతుండగానే ముగించండి అని ఎదురుగా తెర మీద చూపించారు. యాడ్స్‌కి టైముంది, గేమ్ చేసినవాళ్లకి లేదు.

అటు రికార్డెడ్ పద్ధతిలో ఏం జరిగిందో చూడండి. 2023 జనవరిలో ఎక్స్‌బాక్స్ డెవలపర్ డైరెక్ట్ వీడియోలో హైఫై రష్ అనే పేరే ఎవరూ వినని గేమ్ చూపించి, ఇవాళే ఆడుకోండి అన్నారు. రాత్రికి రాత్రి అందరూ దాని గురించే మాట్లాడారు. అడిలైడ్‌లో కూర్చున్న చిన్న టీమ్ హాలో నైట్ సిల్క్‌సాంగ్ తేదీని 2025 ఆగస్టులో ఒక ట్రైలర్‌తో ప్రకటించి, రెండు వారాల్లో గేమ్ ఇచ్చేసింది. దానికి ఏ స్టేజీ అక్కర్లేకపోయింది. గేమ్ పూర్తయ్యాక చెప్పారు, చెప్పింది ఇచ్చారు. నాకు కావాల్సింది ఇదే.

పాత డిస్కు:

కరీంనగర్ అన్నా, సిల్క్‌సాంగ్ ఉదాహరణ సగమే చెప్పావు. అదే గేమ్‌ని 2022 జూన్‌లో ఎక్స్‌బాక్స్ రికార్డెడ్ షోలో చూపించి, ఇందులో చూసిన గేములన్నీ వచ్చే 12 నెలల్లో ఆడొచ్చు అన్నారు. మూడేళ్లు పట్టింది. వీడియో అయినంత మాత్రాన మాట నిలబడదు.

హైపాలీ గారు డెమో వెనక కష్టం గురించి చెప్పింది నాకు కొత్త, కిల్‌జోన్ లాంటివి స్టేజీ మీదే జరిగాయన్నదీ కాదనను. కాకపోతే నేను అడిగేది ఎవరో ఒకరు మన కళ్ల ముందు కంట్రోలర్ పట్టుకుని ఆడాలి అని. హాలు లేకపోయినా సరే. అది కూడా కష్టమేనా గారూ?

హైపాలీ:

కష్టం కాదు, అందుకే మళ్లీ రాస్తున్నాను. గేమ్ రిలీజ్‌కి రెండు మూడు నెలల ముందు, అసలు బిల్డ్‌నే ఎడిట్ లేకుండా ఆడి చూపించడం వల్ల ఎవరికీ అదనపు పని పడదు, ఎందుకంటే అప్పటికి ఆ బిల్డ్ ఎలాగూ నడిచే స్థితిలో ఉండాలి. మమ్మల్ని చంపేది రిలీజ్‌కి రెండేళ్ల ముందు పెట్టే జూన్ డెమో. నింటెండో ట్రీహౌస్‌లో నాకు నచ్చేది అదే, డైరెక్ట్‌లో రెండు నిమిషాలు చూపించినదాన్ని మర్నాడు అరగంట కూర్చుని ఆడతారు, పడతారు, చస్తారు, మళ్లీ మొదలుపెడతారు. ధర గురించి వాళ్లు మౌనంగా ఉండటం నాకూ నచ్చలేదు, అది వాళ్ల చేతుల్లో ఉండదు, ఎవరి చేతుల్లో ఉందో వాళ్లు కెమెరా ముందుకొచ్చి చెప్పాల్సింది.

రికార్డెడ్ వీడియో చూసేటప్పుడు ఇంకో అలవాటు చేసుకోండి. తెర కింద చిన్న అక్షరాల్లో వేసే వాక్యం చదవండి. ఇన్-ఇంజిన్ అని ఉంటే గేమ్ ఇంజిన్లోనే (గేముని నడిపే సాఫ్ట్‌వేర్‌లోనే) తయారైంది అని మాత్రమే అర్థం, ఎవరూ ఆడుతున్నట్టు కాదు, ఒక్కో ఫ్రేముకి ఎంత టైమైనా తీసుకుని ఉండొచ్చు. పీఎస్5లో క్యాప్చర్ చేసింది అని ఉంటే అది కాస్త నమ్మదగ్గది, ఆ మెషిన్ మీద నిజంగా నడిచింది. అందులోనూ కట్‌సీన్ (మనం ఆడకుండా చూసే సినిమా ముక్క) ఎంత, ఆట ఎంత అన్నది చూడాలి. 2025 మేలో జీటీఏ 6 రెండో ట్రైలర్ ఏ ముందస్తు ప్రకటనా లేకుండా వదిలినప్పుడు, ఇది పీఎస్5లో తీసింది, గేమ్‌ప్లే, కట్‌సీన్లు సమానంగా ఉన్నాయి అని ఆ గేమ్ చేసే కంపెనీ రాక్‌స్టార్ తనే చెప్పింది. ఏమీ రాయకుండా వదిలిన ట్రైలర్ అయితే, కింద హెల్త్ బార్, మ్యాప్ లాంటివి ఉన్నాయేమో, కెమెరా ప్లేయర్ వెనకే ఉందా లేక సినిమాలోలా తిరుగుతోందా చూడండి. మా టీమ్‌లో కొత్త ట్రైలర్ వస్తే మేం మొదట చూసేది ప్లేయర్ కాళ్లని. మెట్లెక్కేటప్పుడు, మూల తిరిగేటప్పుడు పాదాలు కాస్త జారుతున్నాయంటే అక్కడ ఎవరో కంట్రోలర్ పట్టుకుని ఆడుతున్నారన్నమాట.